చిత్రము - లేఖనము : బొమ్మలగుట్ట మొదలు డిజిటల్ ఛాయాచిత్రము వఱకు

1. ప్రస్తావన

చిత్రమునకు మాట తోడు కావలెనను తలంపు నేటిది కాదు. శిల్పి యొక మూర్తిని ఎంత నేర్పుతో మలచినను, ఆ మూర్తి ఎవరిది, నిలిపినవారెవరు, ఎప్పుడు నిలిపిరి, ఏల నిలిపిరి యను ప్రశ్నలకు రాయి తనంతట సమాధానము చెప్పజాలదు. అందుచేతనే మన పూర్వులు ప్రతిమాపీఠములపైనను, కొండచరియలపైనను, నాణెములపైనను అక్షరములను నిలిపిరి. ఛాయాచిత్రము వచ్చిన పిదప ఈ యవసరము తగ్గలేదు సరికదా, మిక్కిలి పెరిగినది. శిల్పము ఒక్కచోట నిలిచియుండును. చూడవచ్చినవాడు ఆ ఊరివారినడిగి కొంత తెలిసికొనవచ్చును. ఛాయాచిత్రము ఊరు విడిచిపోవును. అది డిజిటల్ ఛాయాచిత్రమైనచో ఒక్క దినముననే వేయి ప్రతులై వేయి చోట్లకు చేరును. వెంట మాట లేనిచో పోయినచోటనెల్ల మూగదై నిలుచును.

ఈ మాటతోడును చిత్రపు ఫైలులోపలనే నిక్షేపించు పద్ధతి యొకటి గత మూడు దశాబ్దములుగా ఏర్పడియున్నది. అట్లు నిక్షేపింపబడిన సమాచారమును మెటాడేటా యందురు. చూపులేని పాఠకునకు చిత్రమును మాటలలో తెలుపు చిన్న వివరణమునకు ఆల్ట్ టెక్స్ట్ అని పేరు. ఈ రెంటి చరిత్రమును పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలయందలి ఆధారములతో జోడించి పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇందు ప్రతిపాదింపదలచినది యిది: వివరణము చిత్రముతో ఏకశరీరమై యుండవలెను, అది ఆ చిత్రమునందలి ప్రజల భాషలో నుండవలెను. ఈ రెండు నియమములు తప్పిన చిత్రము చరిత్రకు ఆధారమగుట దుర్లభము.

2. బొమ్మలగుట్ట : ఒకే శిలపై రూపము, లేఖనము

కరీంనగరు జిల్లా గంగాధర మండలమునందు కురిక్యాల గ్రామమునకు సమీపమున బొమ్మలగుట్ట యను కొండ కలదు. దీని ప్రాచీననామము వృషభాద్రి. ఈ కొండచరియపై చక్రేశ్వరీదేవి రూపమును, జైనతీర్థంకరుల రూపములును చెక్కబడియున్నవి. వాని దిగువ అదే శిలపై జినవల్లభుడు చెక్కించిన శాసనము కలదు. ఇది సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలలోనున్నది. కాలము క్రీ.శ. 945 ప్రాంతమని పండితుల నిర్ణయము. ఇందలి తెలుగు కందపద్యములు మూడును మన ఛందశ్చరిత్రమున ఎంత విలువగలవో పాఠకు లెఱుగుదురు. 2008లో తెలుగునకు ప్రాచీనభాషాప్రతిపత్తి లభించిన సందర్భమున ఈ శాసనము పేరు పలుమార్లు విననైనది.

భాషాచరిత్రకారులు ఈ శాసనమును ఛందస్సునకై చదివిరి. కన్నడ సాహిత్యచరిత్రకారులు పంపకవి వృత్తాంతమునకై చదివిరి. ప్రస్తుతము మనము దానిని వేఱొక దృష్టితో చూడవలసియున్నది. చిత్రముతో కూడియున్న వివరణముగా ఈ శాసనము ఏమి చెప్పుచున్నది? రూపములను చెక్కించినవాడు జినవల్లభుడని చెప్పుచున్నది. అతడు భీమప్పయ్య, అబ్బణబ్బలకు పుత్రుడనియు, పంపకవికి తమ్ముడనియు చెప్పుచున్నది. వేములవాడ చాళుక్యప్రభువైన రెండవ అరికేసరి పంపనికి ధర్మపురమును అగ్రహారముగ నిచ్చిన సంగతిని చెప్పుచున్నది. త్రిభువనతిలక మను బసదిని, కవితాగుణార్ణవ మను చెఱువును, మదనవిలాస మను తోటను ప్రస్తావించుచున్నది. కర్త, స్థలము, సందర్భము, ప్రయోజనము అను నాలుగును ఇందు కుదిరినవి. ఈనాటి ఛాయాచిత్ర మెటాడేటా ప్రమాణములు కోరునదియు ఇంతకంటె అధికము కాదు.

ఇందు రెండంశములు ముఖ్యముగ గమనింపదగినవి. మొదటిది, లేఖనము రూపముతోపాటు ఒకే శిలపై నుండుట. వివరణము తాటియాకుపై వ్రాయబడి బసదిలో నుంచబడియుండినచో, బసదితోపాటు అదియు అంతరించియుండెడిది. అపుడు కొండపై కొన్ని బొమ్మలు, గ్రామస్థుల నోట బొమ్మలగుట్ట యను పేరు మాత్రము మిగిలియుండెడివి. రెండవది, మూడు భాషల ప్రయోగము. సంస్కృతము పండితులకు, కన్నడము రాజాస్థానమునకు, తెలుగు చుట్టుపట్ల ప్రజలకు ఉద్దిష్టమైయుండునని భావింపవచ్చును. చూచువారు పలువురు, వారి భాషలు పలు. ఒక్క రూపమునకు మూడు భాషలలో మాట తోడొసగిన ఆ వివేకము వేయి సంవత్సరముల పిమ్మట డిజిటల్ ప్రమాణములయందు మరల కనబడుచున్నది.

3. నాణేఘాటు, కోటిలింగాల : పేరు చేసిన మేలు

రూపము నశించి పేరు నిలిచిన యుదాహరణము మహారాష్ట్రమున జున్నరు సమీపమునగల నాణేఘాటున కలదు. అచటి గుహలో శాతవాహన రాజకుటుంబపు మూర్తులు వరుసగా చెక్కబడియుండెను. మూర్తులు దాదాపు పూర్తిగ శిథిలమై నేడు పాదముల జాడలు మాత్రము మిగిలినవి. కాని మూర్తులకు పైభాగమున చెక్కిన నామలేఖనములు నిలిచినవి. శిముక శాతవాహనుని పేరు, నాగనిక పేరు, శాతకర్ణి పేరు మనకు అచట దొరకుచున్నవి. రూపములు పోయినను ఎవరి రూపములుండెనో తెలియుచున్నది.

ఆ శిముకుని పేరే మఱల గోదావరీతీరమున కనబడినది. పూర్వపు కరీంనగరు జిల్లాయందు, నేటి జగిత్యాల జిల్లాయందు, పెద్దవాగు గోదావరిలో కలియుచోట కోటిలింగాల యున్నది. అచట దొరకిన నాణెములను ధర్మపురి వాస్తవ్యులగు సంగనభట్ల నరహరిశర్మగారు సేకరింపగా, పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని పరిశీలించి ప్రకటించిరి. శిముకుని నాణెములతోపాటు గోభద, నారన, కంవాయ, సమగోప యను పాలకుల నాణెములును వెలువడినవి. ఈ నలువురిని గుఱించి పురాణములు చెప్పలేదు. నాణెములపై పేళ్లున్నందుననే వారు చరిత్రమున ప్రవేశించిరి. గుర్తులు మాత్రముండి అక్షరములు లేని నాణెములు ఎన్నియో దొరకినవి. వానిని ముద్రించినవారెవరో నిర్ణయించుట నేటికిని కష్టముగనే యున్నది.

శ్రీపాద ఎల్లంపల్లి జలాశయపు వెనుకనీరు నేడు ఈ ప్రాంతపు గోదావరి యొడ్డును కప్పుచున్నది. నదికి రెండు వైపుల, అనగా పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు రెంటియందును, గ్రామములు కదలినవి. అట్టి చోట్ల పూర్వము తీసిన ఛాయాచిత్రమే మిగిలిన సాక్ష్యము. సాక్షి నోట మాట లేనిచో సాక్ష్యమెట్లు చెల్లును? చిత్రమున ఒక గుడి, ఒక రావిచెట్టు, ఒక వీధి కనబడుచుండును. ఏ ఊరిదో తెలియదు. ఊరు నీట మునిగినది, ఊరివారు నాలుగు దిక్కులకు చెదరిపోయిరి. అడుగుటకు చోటు లేదు.

4. మార్లవాయి ఛాయాచిత్రములు

ఆదిలాబాదు అడవులకు సంబంధించిన ఛాయాచిత్రములలో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ తీసినవి అగ్రగణ్యములు. ఆయన 1909లో వియన్నా నగరమున జన్మించెను. 1939లో భారతదేశమునకు వచ్చినంతనే రెండవ ప్రపంచయుద్ధ మారంభమగుటచే శత్రుదేశీయుడుగ పరిగణింపబడెను. అయినను హైదరాబాదు సంస్థానమున నుండుటకు ఆయనకు అనుమతి లభించెను. చెంచులను, పాపికొండల రెడ్లను పరిశీలించిన పిదప ఆయన ఆదిలాబాదు జిల్లాకు వచ్చి మార్లవాయి గ్రామమున రాజగోండుల నడుమ నివసించెను. అంతకు కొద్దికాలము ముందు, 1940లో, కుమురం భీం జోడేఘాటున నేలకొరిగియుండెను. గోండుల భూమిసమస్య ప్రభుత్వమునకు తలనొప్పిగ పరిణమించియుండెను. ఆదిలాబాదు రాజగోండులపై ఆయన రచించిన గ్రంథము 1948లో వెలువడినది. మార్లవాయి యందే గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము నెలకొన్నది. ఆయన భార్య బెట్టీ సమాధియు మార్లవాయియందే యున్నది.

హైమెండార్ఫ్ తీసిన ఛాయాచిత్రములు, వ్రాసికొన్న దినచర్యలు, క్షేత్రలిఖితములు నేడు లండను నగరమున ప్రాచ్య, ఆఫ్రికా విద్యాపీఠమైన సోయాస్ గ్రంథాలయమున భద్రపఱుపబడియున్నవి. ఛాయాచిత్రములు పెక్కు డిజిటల్ రూపమునకు మార్చబడి అంతర్జాలమున చూచుటకు అందుబాటులోనున్నవి. ఇది మహోపకారము. మార్లవాయి మనుమడు తన తాత బాల్యమున ఆడిన వాకిలిని తన చేతి ఫోనున చూడగలుగుచున్నాడు.

కాని పూర్వపు మానవశాస్త్ర ఛాయాచిత్రములకు సాధారణమైన కొఱత యొకటి కలదు. ఆ కాలమున శాస్త్రజ్ఞుడు తెగను గుఱించి వ్రాసెడివాడు; వ్యక్తిని గుఱించి అరుదుగా వ్రాసెడివాడు. గోండు స్త్రీ, కోలాము వృద్ధుడు, ప్రధాను గాయకుడు అను పేళ్లతో చిత్రములు నిలిచినవి. ఆ స్త్రీకి పేరు కలదు, గోత్రము కలదు, ఇంటివారు కలరు. అవి దినచర్యలలో ఎచటనో యుండవచ్చును; చిత్రముతో మాత్రము ప్రయాణము చేయలేదు. 1940ల దశకమున బాలురై చిత్రములలో కనబడినవారు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. వారు చూచి, ఈమె మా మేనత్త, ఇతడు మా పట్లా, ఇది మా పాత ఊరు అని చెప్పగలిగిన కాలము ఇంక మిక్కిలి స్వల్పము. ఆ మాటను వినువారు వినవలెను. విన్నదానిని చిత్రముననే నిలుపవలెను. మన పరిశోధకవిద్యార్థుల ముందు నేడున్న కర్తవ్యములలో ఇంత త్వరగా కాలము మీరిపోవునది మఱొకటి లేదు.

5. డిజిటల్ చిత్రము లోపలి అఱలు

ముద్రితమైన ఛాయాచిత్రమునకు వెనుకభాగము కలదు. పెన్సిలుతో పేళ్లు వ్రాయుట మన యిండ్లలో పరిపాటియే. డిజిటల్ చిత్రమునకు వెనుకభాగము లేదు. దానికి బదులు ఫైలులోపల అఱలు కలవు. జేపెగ్ ఫైలును తీసికొందము. అందు చిత్రమును తెలుపు భాగమునకు ముందు కొన్ని ఖండములుండును. ఒక్కొక్క ఖండము దాదాపు 64 కిలోబైటుల పరిమితి గలది. వివరణములు ఈ ఖండములయందు నిక్షేపింపబడును. చిత్రమును చూపు ఉపకరణము వానిని చూపకపోవచ్చును. కాని ఫైలు పోయినచోటికెల్ల అవియు పోవును.

ఈ అఱల చరిత్రమున మూడు ఘట్టములు కలవు. వార్తాసంస్థలు 1965లో ఐ.పి.టి.సి. యను అంతర్జాతీయ మండలిని నెలకొల్పుకొనినవి. ఈ మండలి 1990ల ప్రారంభమున ఒక సమాచారవినిమయ ప్రమాణమును రూపొందించెను. ఫొటోషాప్ ఉపకరణము ఆ దశకపు మధ్యభాగమున దానిని స్వీకరించుటచే శీర్షిక, వివరణము, ఛాయాగ్రాహకుని పేరు, ఊరు, దేశము మున్నగు అఱలు చిత్రములలోనికి వచ్చినవి. 1995లో జపానుదేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము ఎక్సిఫ్ అను ప్రమాణమును ప్రకటించెను. ఇది కెమేరా తానై వ్రాయు లేఖనము. తీసిన వేళ, కటకపు వివరములు, కొన్నిట అక్షాంశరేఖాంశములు ఇందుండును. 2001లో అడోబీ సంస్థ ఎక్స్.ఎం.పి. యను మూడవ పద్ధతిని తెచ్చెను. ఇది 2012లో అంతర్జాతీయ ప్రమాణముగ అంగీకరింపబడినది.

ఎక్స్.ఎం.పి. పద్ధతియందు మనకు ముఖ్యమైనది బహుభాషావివరణము. ఒకే వివరణపు అఱలో తెలుగు పాఠము, గోండీ పాఠము, ఆంగ్ల పాఠము వేర్వేఱు భాషాసంకేతములతో ప్రక్కప్రక్కన నుండవచ్చును. బొమ్మలగుట్ట శిలపై జినవల్లభుడు చేసిన పని యిదియే.

వివరణము వ్రాసినవాని పేరునకును ఐ.పి.టి.సి. ప్రమాణమున ప్రత్యేకమైన యొక అఱ కలదు. పరిశోధకులు దీనిని శూన్యముగ విడువరాదు. చిత్రమునందలి వ్యక్తి ఫలానావాడని ఎవరు చెప్పిరి, ఏ యేట చెప్పిరి, విన్నవారెవరు అను సంగతులు లేనిచో, రాబోవు తరమువాడు ఆ గుర్తింపును పరీక్షింపజాలడు. మఱియు పూర్వవివరణము తప్పుగ నున్నను, కించపఱచు మాటలతో నున్నను, దానిని చెరపి క్రొత్తది వ్రాయుట తగదు. శాసనపాఠమును పరిష్కరించువాడు మూలపాఠమును నిలిపి తన సవరణను వేఱుగ చూపునట్లు, పాత వివరణమును పాతదని తెలిపి నిలిపి, క్రొత్త వివరణమును దాని చెంత నుంచవలెను.

6. లిపులు, బైటులు

తెలుగులో వివరణము వ్రాయుటకు చిరకాలము ఆటంకములుండెను. ఎక్సిఫ్ ప్రమాణపు చిత్రవివరణపు అఱ రోమను అక్షరములకు మాత్రము తగినట్లు నిర్మింపబడినది. లోకమునందలి లిపులన్నిటికిని చోటిచ్చు సంకేతపద్ధతి ఆ ప్రమాణమున 2023లో వెలువడిన మూడవ కూర్పుననే ప్రవేశించినది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుండి యున్నను, మన ముద్రణాలయములు, పత్రికాకార్యాలయములు చిరకాలము వేఱు ఫాంటులనే వాడినవి. ఆ ఫాంటులతో వ్రాసిన వివరణములు ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని గుర్తులగుచున్నవి.

ఐ.పి.టి.సి. వారి పాత ప్రమాణమున స్థలమితియు కలదు. ఊరి పేరునకు 32 బైటులు, వివరణమునకు 2000 బైటులు మాత్రమే. యూనికోడ్ తెలుగున ఒక్కొక్క సంకేతమునకు 3 బైటులు కావలెను. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న వేర్వేఱు సంకేతములుగ లెక్కకు వచ్చును. కురిక్యాల యను పేరునకు 27 బైటులు పట్టును, ఇమిడినది. కుమురం భీం ఆసిఫాబాదు అను పేరు వ్రాసితిమేని 56 బైటులు కావలెను, ఇమడదు. రెండు వేల బైటుల వివరణమున 666 సంకేతములకు మించి పట్టవు. ఎక్స్.ఎం.పి. అఱలకు ఇట్టి మితి లేదు గనుక తెలుగు వివరణమునకు ఆ పద్ధతియే అనుకూలము.

గోండీ విషయమున మఱొక విశేషము కలదు. ఆదిలాబాదు జిల్లా నార్నూరు ప్రాంతమునందలి గుంజాల గ్రామమున గోండీ లిపిలో వ్రాసిన వ్రాతప్రతులు వెలుగులోనికి వచ్చినవి. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారు మొదలగువారి కృషిచే ఆ లిపి విద్వల్లోకమునకు పరిచితమైనది. 2018లో వెలువడిన యూనికోడ్ 11వ కూర్పున గుంజాల గోండి లిపికి స్థానము లభించినది. అనగా మార్లవాయి చిత్రమునకు ఆ ప్రాంతపు లిపిలోనే, ఆ ప్రజల భాషలోనే, చిత్రము లోపల వివరణము వ్రాయుట నేడు సాధ్యము. ఒక శతాబ్దమునకు పైగా ఇతరులు తమ భాషలలో వారిని వర్ణించుచుండిరి. ఇకపై వారి మాటయు చిత్రమున నిలువవచ్చును.

7. కాలము, స్థలము

చిత్రవివరణమున తఱచు కలుగు దోషములు రెండు. ఒకటి కాలమునకు, రెండవది స్థలమునకు సంబంధించినవి.

1942లో తీసిన చిత్రమును 2010లో స్కాను చేసినచో యంత్రము 2010 అనియే వ్రాయును. ఎక్సిఫ్ ప్రమాణమున చిత్రమును తీసిన తేది వేఱు, డిజిటల్ రూపమునకు మార్చిన తేది వేఱు. ఈ రెండు అఱలను వేర్వేఱుగ పూరింపనిచో, వంద సంవత్సరముల పిదప చరిత్రకారుడు నిజాము కాలపు వేషధారణను తెలంగాణోద్యమకాలమునకు అంటగట్టు ప్రమాదము కలదు.

స్థలవిషయము ఇంకను చిక్కైనది. 2016 అక్టోబరు 11వ తేదీన తెలంగాణమున జిల్లాల పునర్వ్యవస్థీకరణము జరిగినది. పూర్వపు ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలైనది. పూర్వపు కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వెలసినవి; కొన్ని మండలములు ఇతర జిల్లాలలో చేరినవి. మార్లవాయి, జోడేఘాటు నేడు ఆసిఫాబాదు జిల్లాలోనివి. హైమెండార్ఫ్ కాలమున అవి హైదరాబాదు సంస్థానపు ఆదిలాబాదు జిల్లాలోనివి. కరీంనగరు జిల్లాయే ఒకప్పుడు ఎలగందల జిల్లాగ నుండెను. కావున వివరణమున నాటి పేరును, నేటి పేరును రెంటిని వ్రాయవలెను. ఐ.పి.టి.సి. ప్రమాణమున కెమేరా నిలిచిన చోటునకు ఒక అఱ, చిత్రమున కనబడు చోటునకు వేఱొక అఱ కలవు. నది కీవల నుండి ఆవలి యొడ్డునగల ఊరిని తీసిన చిత్రమునకు ఈ భేద మెంతయు అవసరము. గోదావరి రెండు జిల్లాలకు ఎల్లయైన ఈ ప్రాంతమున ఇది నిత్యానుభవము.

అక్షాంశరేఖాంశముల విషయమున ఒక హెచ్చరిక అవసరము. గుప్తనిధుల పేరిట పురాతనస్థలములను త్రవ్వు దురాచారము మన ప్రాంతమున కలదు. రక్షణలేని స్థలముల ఖచ్చితమైన గుర్తులను బహిరంగప్రతులలో తొలగించి, భద్రప్రతిలో మాత్రము నిలుపవలెను. జీవించియున్న వ్యక్తుల పేళ్లను వారి సమ్మతి లేనిదే వ్రాయరాదు.

8. చూపులేని పాఠకుడు

ఇంతవఱకు చెప్పిన వివరణము చిత్రమును చూచువానికి తోడ్పడునది. చూడలేనివాని సంగతి యేమి? జన్మాంధులైన విద్యార్థులు, పిదప చూపు కోల్పోయిన ఉపాధ్యాయులు నేడు యంత్రము చదివి వినిపింపగా గ్రంథములను అధ్యయనము చేయుచున్నారు. తెలుగును పలుకు ఉపకరణములు ఉచితముగనే లభించుచున్నవి. పుటలోని పాఠమును యంత్రము వినిపించును. చిత్రమువద్దకు వచ్చి, చిత్రము అని యొక్కమాట పలికి ఊరకుండును. శాసనములు, నాణెములు, శిల్పములు విషయముగాగల వ్యాసమున చిత్రమే ప్రమాణము. ఆ ప్రమాణము వారికి అందనిచో వారు మన వాదమును విశ్వసింపవలసినదే గాని పరీక్షింపజాలరు.

అంతర్జాలపు పుటలయందు ఈ లోపమును తీర్చుటకు ఆల్ట్ టెక్స్ట్ ఏర్పడినది. హెచ్.టి.ఎం.ఎల్. భాషయొక్క 1995 నాటి రెండవ కూర్పుననే దీనికి స్థానము కలదు. 1997 నాటి నాలుగవ కూర్పున ఇది తప్పనిసరియైనది. 1999లో వెలువడిన అంతర్జాతీయ సౌలభ్యసూత్రములలో మొదటిది దీనిని గుఱించియే. మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఎలక్ట్రానిక్ సమాచారము అందఱికి అందుబాటులో నుండవలెనని విధించినది. అయినను ఆల్ట్ టెక్స్ట్ చిరకాలము పుటను చేయువాని చేతిలోనే యుండెను. చిత్రము మఱొక పుటకు పోయినచో మరల వ్రాయవలసివచ్చెడిది. 2021లో ఐ.పి.టి.సి. మండలి తన ప్రమాణమున ఆల్ట్ టెక్స్ట్, విస్తృతవివరణము అను రెండు అఱలను క్రొత్తగా చేర్చెను. నాటినుండి ఈ మాటయు చిత్రముతో ఏకశరీరము కాగలిగినది. మొదటి అఱకు 250 సంకేతములకు లోబడిన పాఠము తగునని మండలి సూచన. దీర్ఘవిషయమునకు రెండవ అఱ.

వివరణమునకు, ఆల్ట్ టెక్స్టునకు గల భేదమును ఒక ఉదాహరణముతో చూతము. దీపావళి దినములలో గోండులు జరుపుకొను దండారి పండుగయందలి గుసాడి నృత్యమును తీసిన చిత్రమొకటి యున్నదనుకొందము. మార్లవాయికి చెందిన గుసాడి గురువు కనకరాజుగారు 2021లో పద్మశ్రీ పురస్కారమును పొంది 2024లో దివంగతులైరి గాన ఆ నృత్యము నేడు దేశప్రసిద్ధము. వివరణపు అఱలో నర్తకుల పేళ్లు, గ్రామము, తేది, పండుగ, తీసినవారి పేరు వ్రాయవలెను. ఆల్ట్ టెక్స్ట్ అఱలో కంటికి కనబడునది వ్రాయవలెను: నెమలిపింఛముల పెద్ద తలపాగలు ధరించి, ఒడలెల్ల బూడిద పూసికొని, చేత కఱ్ఱలు పట్టిన ముగ్గురు పురుషులు ఒక ఇంటి ముంగిట వరుసగ నిలిచియున్నారు, వెనుక స్త్రీలు, బాలురు చూచుచున్నారు. ఆదివాసి నృత్యము అని రెండు మాటలు వ్రాసినచో వినువాని మనసున ఏ రూపమును నిలువదు. అద్భుతము, రమణీయము అను విశేషణములును అట్టివే. అవి వ్రాసినవాని మనసును తెలుపును గాని చిత్రమును తెలుపవు.

శాసనచిత్రమునకు ఈ విభజన మఱింత యుపయోగకరము. బొమ్మలగుట్ట చిత్రమైనచో, కొండచరియపై చెక్కిన రూపములు, వాని దిగువ అక్షరపంక్తులు అని ఆల్ట్ టెక్స్టున చెప్పి, శాసనపాఠమును, శిథిలమైన చోట్లను విస్తృతవివరణమున నుంచవలెను. అపుడు చూపులేని విద్యార్థి పాఠమును వినుటయే కాక, ఏ పంక్తి ఎచట విఱిగినదో తెలిసికొని పాఠనిర్ణయమున తన అభిప్రాయమును చెప్పగలుగును. ఇట్టి వివరణము వ్రాయుట కన్నులున్నవారికిని గొప్ప శిక్షణ. వ్రాయబూనినపుడే మనము ఎంత చూడక విడిచితిమో తెలియవచ్చును.

9. ఉపసంహారము

ఈ పద్ధతికి పరిమితులును కలవు. శిలాక్షరమును చెరపుటకు ఉలి కావలెను. ఫైలులోని అక్షరమును చెరపుటకు శ్రమ యక్కరలేదు. సామాజిక మాధ్యమములు, సందేశవాహకములు పెక్కు చిత్రమును కుదించునపుడు ఈ అఱలను తొలగించుచున్నవి. ఐ.పి.టి.సి. మండలి 2013 మొదలు దీనిని పలుమార్లు పరీక్షించి ప్రకటించినది. పుటలను నిర్మించు ఉపకరణములన్నియు ఫైలులోని ఆల్ట్ టెక్స్టును చదివి పుటలో నిలుపుట లేదు. కావున మూలప్రతిని చెక్కుచెదరకుండ భద్రపఱచుట, అందలి వివరణమునే గ్రంథాలయపు పట్టికలోను వేఱుగ వ్రాసియుంచుట, పంచి పెట్టునపుడు మూలఫైలునే యిచ్చుట అవసరములు. ఎక్సిఫ్‌టూల్ వంటి ఉచితోపకరణములు వందలాది చిత్రములకు ఒకేమారు వివరణములను వ్రాయుటకును, వ్రాసినవి నిలిచినవో లేదో పరీక్షించుటకును తోడ్పడును.

నాణేఘాటున రూపములు పోయి పేళ్లు మిగిలినవి. మన ఛాయాచిత్రములలో రూపములు మిగిలి పేళ్లు పోవుచున్నవి. రెంటిలో చరిత్రకు ఎక్కువ నష్టము కలిగించునది రెండవదియే. శాతవాహనుల మూర్తులు లేకున్నను వారి చరిత్రను వ్రాయగలిగితిమి. పేరులేని వేయి ముఖములతో ఏ చరిత్రను వ్రాయగలము? ఉత్తర తెలంగాణమున క్షేత్రపర్యటనమునకు పోవు ప్రతి విద్యార్థియు చిత్రము తీసిన దినముననే, ఆ ఊరు విడుచుటకు ముందే, ఊరివారి నోటి మాటను వారి భాషలో ఆ చిత్రమున నిక్షేపించి, చూపులేని పాఠకునకై నాలుగు వాక్యములు చేర్చి, తన పేరును వివరణకర్తగ వ్రాసికొనవలెను. వేములవాడ రాజ్యమున జినవల్లభుడు ఉలితో చేయించిన పనిని మనము వ్రేలికొనతో చేయుటకు ఏ సాకును చెప్పజాలము.